పెనుకొండలో మిగిలిపోయిన పెనాల్టీ

పన్నెండేళ్ళు నాలో ఒక అనుమానం ఉండేది. రోజూ ఉదయం దీపం వెలిగించి, దేవుళ్ళకు బొట్టు పెట్టి, చివరగా ఆ పక్కనే ఉన్న వెండిరంగు కప్పుకు కూడా బొట్టు పెట్టేవాణ్ణి. ఆ అనుమానం సరిగ్గా అప్పుడే వచ్చేది. 1991 శ్రావణంలో, పెనుకొండ మైదానంలో, హిందూపురం వాళ్ళు కొట్టిన బంతికి నా చెయ్యి అడ్డం పోయింది. అది దానంతటదే పోయిందా, నేను పంపానా? దేవుణ్ణి చాలాసార్లు అడిగాను. ఆయన పటంలో నవ్వుతూ ఉండడమే తప్ప ఏమీ చెప్పలేదు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పుకోలేదు. నా భార్య యశోదకు కూడా. ధర్మవరంలో అందరికీ తెలిసిన కథ వేరు. చివరి నిమిషంలో జయరాముడు, అంటే నేను, గోలు గీత మీద ఎగిరి, తలతో బంతిని బయటికి నెట్టి, ఒక్క గోలు తేడాతో కప్పు తెచ్చాడు. మా మార్కండేయ ఫుట్‌బాల్ సంఘానికి వచ్చిన కప్పు అదొక్కటే. అందుకే మా అమ్మ ఆదెమ్మ దాన్ని తెచ్చి దేవుళ్ళ వరసలో పెట్టింది. కప్పు ఒక్కోసారి నన్నే చూస్తున్నట్టు ఉండేది.

2003లో కదిరిలో ఓడి, బస్సులో ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఇల్లు చేరాం. వరసగా ఏడో ఓటమి అది. ఊళ్ళో అడుగు పెట్టకముందే వార్త వచ్చేసింది. కోచ్ అనండి, మేనేజర్ అనండి, మాకు రెండూ అయిన ఏసురత్నం సారును ఉంచాలా, పంపాలా అని ఆదివారం మా ఇంటి వసారాలో కూర్చోవాలని అభిమానులు పట్టుబట్టారు. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. రెండు పక్కలా సమానమైతే చివరి మాట నాది.

ఆ ఆదివారం మా వసారా నిండిపోయింది. గడప బయట చెప్పులు చూస్తే ఏదో శుభకార్యం అనుకోవాలి. యశోద బొరుగులతో పెద్ద గిన్నెడు ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేస్తోంది.

"ఓడినందుకు ఇంత తింటాండారే, గెలిచింటే నన్ను కూడా తినేసేవాళ్ళేమో!" అని వంటింట్లోంచి అంది.

"గెలిచేది చూపించక్కా, పస్తుంటాం," అని జట్టు కెప్టెన్ నాగరాజు అన్నాడు. అందరూ నవ్వారు. ఏడుసార్లు ఓడినవాళ్ళలో అంత నవ్వు మిగిలి ఉండడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. తగువు తీర్చేటప్పుడు ఎవరు మాట్లాడతారో వాళ్ళ చేతిలో నాడె ఉండాలి. మగ్గం మీద పేకదారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే, పడవ ఆకారంలో ఉండే కొయ్య ముక్క అది. మగ్గం మీద ఒక సమయంలో ఒకే నాడె తిరిగినట్టు, వసారాలో కూడా ఒక మాటే తిరగాలని పెద్దల ఉద్దేశం. నాడె పట్టుకుని అబద్ధం చెబితే ఆ ఏడాది వాడి మగ్గం మీద పోగు నిలవదని కూడా అంటారు. నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మొదట నాడె అందుకున్నవాడు యల్లప్ప. పట్టుకు రంగులు అద్దడం అతని పని. మోచేతుల దాకా ఒక చెయ్యి నెమలికంఠం రంగు, ఒక చెయ్యి వంకాయ రంగు. అతను చెయ్యెత్తితే కనబడలేదని ఎవరూ అనలేరు.

"ఏడు మ్యాచ్‌లు!" అన్నాడు యల్లప్ప. "ఆదివారం కాన్నుంచి శనివారం దాకా వారమంతా ఓడిపోయినట్ల. ఇంగ ఓడేదానికి దినం యాడుండాది? ఆ సారేమో మన మగపిల్లోళ్ళ చేతుల్లో పట్టుగూళ్ళు పెట్టి ఉరికిస్తాండాడు. కదిరిలో ఒకాయప్ప నన్ను అడిగినాడు, 'ఏమబ్బా, మీరు ఆటకొచ్చినారా, గూళ్ళు అమ్మేకొచ్చినారా' అని. నా తల యాడ పెట్టుకోవాల?"

పట్టుగూళ్ళ సంగతి చెప్పాలి. మా జట్టులో పదకొండు మందీ మగ్గం నేసేవాళ్ళే. అమావాస్య నాడు మగ్గాలకు సెలవు కాబట్టి మేం పూర్తిగా కలిసి ఆడేది నెలకు ఆ ఒక్కరోజే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని అమావాస్య జట్టు అంటారు. దానికి మాకు బాధ లేదు. మా అసలు జబ్బు వేరు. బంతి ఎగిరి వస్తే మావాళ్ళ చేతులు లేస్తాయి. హ్యాండ్, పెనాల్టీ, గోలు. ప్రతి మ్యాచ్ ఇదే వరస.

దానికి మూలం మగ్గంలో ఉందని మొదట కనిపెట్టినవాడు ఏసురత్నం సారు. నేసేటప్పుడు మా కుడిచెయ్యి నాడెను నడిపే తాడు పిడిని వదలదు. నాడె ఎప్పుడైనా దారి తప్పి బయటికి దూకితే ఎడమచెయ్యి రెప్పపాటులో లేచి పట్టుకుంటుంది. పట్టుకోకపోతే పోగులు తెగుతాయి, చీర పాడవుతుంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన ఆ చెయ్యికి బంతి ఏది, నాడె ఏది అనే తేడా తెలియదు. అందుకని ఆయన హిందూపురం గూళ్ళ మార్కెట్ నుంచి ఒక సంచి పట్టుగూళ్ళు తెచ్చి, ఆటగాళ్ళ రెండు పిడికిళ్ళలో ఒక్కొక్కటి పెట్టి ఆడించేవాడు. చెయ్యి తెరిస్తే గూడు పడిపోతుంది. గట్టిగా బిగిస్తే నలిగిపోతుంది. పట్టు నేసేవాడు ప్రాణం పోయినా గూడు నలపడు. అంత చిన్న గూడుతో మా చేతులకు కళ్ళెం వేయాలన్నది ఆయన ఆలోచన.

నాగరాజు నాడె అడిగి తీసుకున్నాడు.

"మామా, సారు వచ్చిన కొత్తలో ఒక మ్యాచ్‌లో మనకు ఎన్ని హ్యాండ్‌లు అయినాయి? తొమ్మిది. మొన్న కదిరిలో ఎన్ని? ఒగటి."

"ఆ ఒగటే కదప్పా గోలాయె!" యల్లప్ప నాడె లేకుండానే అరిచాడు.

"తొమ్మిదిలోంచి ఒగటికి వచ్చినాం. ఒగటిలోంచి సున్నాకి పోవల్ల. మధ్యలో మనిషిని పంపిస్తే ఎట్ల? సగం నేసిన చీరను మగ్గం మీదనుంచి కోసేస్తామా?"

"మూడేండ్లుగా నేస్తానే ఉండాడు. అది చీరా, దుప్పటా?"

మళ్ళీ నవ్వులు. ఈ గొడవలో ఇద్దరి మాటా నాకు సరిగానే తోచింది. నా కష్టమంతా అదే. ఎప్పుడూ ఎవరు మాట్లాడితే వాళ్ళది న్యాయంగా కనబడుతుంది. దేవుడికి కూడా ఇలాగే ఉంటుందా? అందుకే ఆయన తొందరగా తీర్పులు చెప్పడా?

ఆ సమయానికే ఏసురత్నం సారు గడపలో చెప్పులు విప్పుతూ కనిపించాడు. హిందూపురంలో డ్రిల్లు మాస్టారు ఆయన. ఉదయం చర్చిలో ప్రార్థన ముగించుకుని ప్యాసింజర్ రైలెక్కి వచ్చాడు. మెడలో విజిల్, చంకలో గూళ్ళ సంచి. ఆయన్ను తీసేయాలా వద్దా అని వాదించుకుంటున్న ముప్పైమందీ ఆయన్ను చూసి లేచి నిలబడ్డారు. యల్లప్ప అందరికంటే ముందు లేచాడు.

"కూచోండప్పా, కూచోండి," అన్నాడు ఆయన. "నన్ను పంపించేదానికి అంత మర్యాద ఎందుకు? ఏం తల్లీ యశోదమ్మా, ఇంత ఘాటు వాసన! బజ్జీలు నాకు ఉండాయా, ఉద్యోగం లేనోనికి లేవా?"

"మీకు మొదటి వాయి తీసిపెట్టినా సార్," అంది యశోద.

ఆయన తిన్నంతసేపూ తగువు ఆగింది. మా వాళ్ళలో ఆ మాత్రం సంస్కారం ఉంది. చేతులు కడుక్కోగానే యల్లప్ప నాడె పట్టుకుని ఆయన ఎదురుగా చేరాడు.

"సార్, మీ మీద నాకు కోపం ల్యా. మనిషిగా మీరు బంగారం. ఒగటే అడుగుతా. నేసేవాని చెయ్యి దానంతటదే పోతాదంటారు. అది మీ సిద్ధాంతం. గూళ్ళు అందుకే. సరే. మరి మా జయరామన్న నేసేవాడు కాదా? పెనుకొండలో హిందూపురం మీద ఆడినప్పుడు ఆయన చెయ్యి పోయెనా? తలతో ఆపలేదా? ఆ బంతి కొట్టింది మీరే కదా సార్, అప్పుడు హిందూపురం జట్టులో! మీ కండ్ల ముందరే ఆపె. ఆయప్ప చేతుల్లో ఏ గూడు ఉన్నింది?"

వసారా మొత్తం 'హో' అంది. ఒకతను చప్పట్లు కొట్టాడు. "ఆ కప్పే సాక్షి!" అని వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

ఏసురత్నం సారు నా వైపు చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. "దానికి నేను జవాబు చెప్పకూడదప్పా," అని మాత్రం అని, గూళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జవాబు లేదనుకుని కొందరు యల్లప్ప వైపు మారారు. చేతులెత్తి లెక్కపెట్టారు. ఉంచాలనేవాళ్ళు పదిహేను. పంపాలనేవాళ్ళు పదిహేను. నాడె నా చేతికి వచ్చింది.

నలభై రెండేళ్ళలో నేను ఆ నాడెను ఎన్నిసార్లు పట్టుకుని ఉంటానో. ఎప్పుడూ అంత బరువు లేదు. ఎదురుగా తలుపు తీసి ఉన్న దేవుడి గదిలో దీపం, దాని పక్కన కప్పు కనబడుతున్నాయి. ఉదయం పెట్టిన బొట్టు ఇంకా తాజాగా ఉంది. ఒక మనిషి తప్పు లేకుండా పోతున్నాడు. పోవడానికి కారణం, నేను తలతో ఆపానన్న కథ. ఆ కథ నేను పుట్టించలేదు. కానీ పన్నెండేళ్ళు దానికి బొట్టు పెట్టినవాణ్ణి నేనే.

"యల్లప్పా," అన్నాను. "నేను తలతో ఆపలేదు."

"ఏమంటివన్నా?"

"బంతి నా తలకు తగలలేదు. చెయ్యి తగిలింది. చినుకులు పడుతుండె, గుంపుగా ఉంటిమి, రిఫరీ వెనకాల ఉండె. నేను ఎగిరిందే అందరూ చూసినారు. చెయ్యి ఎవరూ చూల్యా."

యశోద గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దేవుడి గది గడప మీద కూర్చున్న మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"సారు చెప్పేది సత్యమే," అన్నాను. "నేసేవాని చెయ్యి దానంతటదే పోతాది. నాదీ అట్లే పోయింది. ఎడమచెయ్యి. కాబట్టి ఆయన పద్ధతే సరైనది. ఆయన్ను ఉంచాల. నా మాట అది."

చెప్పేశాను. కూర్చోబోయాను.

"ఒక్క నిమిషం," అన్నాడు ఏసురత్నం సారు. లేచి నా చేతిలోంచి నాడె తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పట్టుకోని అబద్ధం చెప్పకూడదంట కదా. మీ దేవునికి నేను మొక్కేవాణ్ణి కాదు గానీ, మీ ఉప్పు తిన్నోణ్ణి. జయరామప్పా, అది ఎడమచెయ్యి కాదు. కుడిచెయ్యి."

"లేదు సార్, ఎడమ..."

"కుడిచెయ్యి. ఆ పొద్దు నీ కుడిచేతికి పసుపు దారం ఉన్నింది."

ఎడమచెయ్యి అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. నిజమే. కదిరి నరసింహస్వామికి మొక్కుకుని కట్టుకున్న దారం. ఆట అయ్యాక చూస్తే చేతికి లేదు. మొక్కు అందుకుని స్వామే దారం తీసుకున్నాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.

"స్వామి తీసుకోలేదు ఆదెమ్మవ్వా, నేనే తీసినా," అన్నాడు ఏసురత్నం సారు. "నీ కొడుకు చేతికి బంతి తగిలి దారం తెగింది. తడి బంతికి కరుచుకోనుండె. రిఫరీకి చూపిద్దామని పీకినా, కుదరల్యా. మొక్కు దారం కదా, పారేసేదానికి మనసు రాక గోలు కర్రకు కట్టి వస్తిని."

యల్లప్ప ఒక అడుగు ముందుకు వేశాడు.

"సార్! మీకు అర్థమవుతాండాదా? జయరామన్న మీ పక్క మాట్లాడె. ఎడమచెయ్యి అని ఊరుకోనింటే మీ సిద్ధాంతం గెలిచేది. మీ గోల్లో మీరే వేసుకుంటాండారే!"

"తెలుసప్పా. కానీ కుడిచెయ్యి నాడెను పట్టే చెయ్యి కాదు. తాడు వదలని చెయ్యి, తెలిసి పంపితేనే పోయే చెయ్యి. చూసింది చూసినట్ల చెప్పకపోతే రేపు పిల్లోళ్ళ చేతులు నేనెట్ల సరిచేస్తా?"

ఇన్నేళ్ళ నా అనుమానం ఒక్క మాటతో తీరింది. చెయ్యి దానంతటదే పోలేదు. నేనే పంపాను. తీర్పు నాకు వ్యతిరేకంగానే వచ్చింది. అయినా ఒంట్లోంచి ఏదో దించినట్టు అయింది. దేవుణ్ణి ఇన్నేళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు చర్చికి పోయివచ్చిన మనిషి నోట వచ్చింది. దేవుడికి ఎవరి చేత చెప్పించాలో తెలియదా?

"అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?" అని అడిగాను.

"చెప్పేదానికి నోరు తెరిస్తి!" అన్నాడు ఆయన. అప్పుడు మొదటిసారి నవ్వాడు. "రిఫరీ దగ్గరికి ఉరుకుతాంటే మీ ఊరోళ్ళంతా మైదానంలోకి వచ్చేసినారు. ఒకావిడ, చేతిలో చక్కెర పొట్లం, నేనూ ధర్మవరమోడే అనుకోని, తెరిచిన నోట్లో ఇంత చక్కెర పోసేసె. నోటినిండా చక్కెర ఉంటే మాట యాడొస్తాది? అది మింగేసరికి విజిల్ వేసేసినారు. ఇంత తీపి తిన్నాక చేదు మాట ఎందుకులే అనుకుంటి."

అందరి తలలూ దేవుడి గది గడప వైపు తిరిగాయి.

"నేనా?" అంది మా అమ్మ. "తడిసిన బనియనులో అందరూ ఒకేతీరు ఉంటిరి! నోరు తెరుచుకోని ఉన్న ప్రతివానికీ పోస్తిని. రిఫరీకి కూడా పోసినట్ల గుర్తు."

ఇక ఎవరూ ఆగలేదు. నాగరాజు నేల మీద పడి నవ్వాడు. యశోద గరిటె పట్టుకునే కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. తప్పు బయటపడినవాడు నవ్వవచ్చా అని ఒక క్షణం సందేహించాను గానీ, అప్పటికే నవ్వేస్తున్నాను.

నవ్వులు తగ్గాక యల్లప్ప తన రెండు రంగుల చేతులూ పైకెత్తాడు.

"నా ఓటు మార్చుకుంటాండా. సారును ఉంచాల. మన కప్పు కత పన్నెండేండ్లుగా తెలిసీ నోరిప్పని మనిషిని పంపిస్తే, పోయి హిందూపురమంతా చెప్పడా?"

"అందుకేనా ఉంచేది?" అన్నాడు సారు.

"ఒగటి అదీ. ఇంగొకటి... తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పినోడు మన పిల్లోళ్ళకు గూళ్ళు ఇచ్చినా సరే, గుండ్రాళ్ళు ఇచ్చినా సరే."

చేతులన్నీ లేచాయి. లెక్కపెట్టే పని లేకపోయింది. తగువు అంతటితో ముగిసేదే. మా అమ్మ ముగియనివ్వలేదు.

"ఓటంటే ఓటు. మరి వాని తన్ను సంగతేమి?" అంది.

"ఏం తన్ను అవ్వా?"

"చెయ్యి తగిలితే అవతలోళ్ళకు ఒక తన్ను ఇస్తారు కదా. మీ ఆట చూసి చూసి నాకూ తెలుసులే. ఆ పొద్దు ఈ సారుకు రావాల్సింది రాల్యా. పన్నెండేండ్లు పెట్టుకోని కూచుంటిరే, దేవుని గదిలో కప్పుతో పాటు! ఇచ్చేయండి. ఇచ్చేదాకా ఆ కప్పుకు నేను దండం పెట్టను."

అందరం రైల్వే గేటు అవతల మైదానానికి బయలుదేరాం. ముందు యల్లప్ప బంతి పట్టుకుని, వెనక మగవాళ్ళు, వాళ్ళ వెనక వీధిలో ఆడవాళ్ళంతా. మా అమ్మ యశోద భుజం పట్టుకుని వచ్చింది. దారిలో ఎదురైన వాళ్ళు ఏం ఊరేగింపు అని అడిగితే, "పెనాల్టీ" అని చెప్పాం. వాళ్ళూ వచ్చారు.

గోలులో ఎవరు నిలబడాలన్న మాట వచ్చింది. గోలీ ముందుకు వచ్చాడు గానీ నేను వద్దన్నాను.

"ఆ పొద్దు గీత మీద ఉన్నది నేను. ఇప్పుడూ నేనే ఉంటా. నేను గోలీని కాదు కాబట్టి చేతులు వాడకూడదు." సారు సంచిలోంచి రెండు గూళ్ళు అడిగి తీసుకుని, రెండు పిడికిళ్ళలో పెట్టుకున్నాను. తేలికగా, గరుకుగా, లోపల ప్రాణం ఉందో లేదో తెలియనట్టుగా ఉన్నాయి.

సారు బంతిని పెట్టాడు. ప్యాంటు మడిచాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి నాకు చూపించాడు.

"జయరామప్పా, కొట్టే ముందర ఒక మాట చెప్పాల. లేకపోతే అది నేను నీకు దాచినట్ల అవుతాది. ఇది హిందూపురం సంఘమోళ్ళు రాసిన జాబు. వచ్చే అమావాస్య పెనుకొండలో మీతో వాళ్ళ మ్యాచ్ ఉండాది కదా. ఆ పొద్దు నుంచి వాళ్ళ జట్టును చూసుకోమంటాండారు. సొంతూరు. రైలు కూడా ఎక్కే పనిలేదు."

"మరి మీరేం రాసినారు?" అని అడిగాను.

"ఇంకా రాయలేదు. నిజం చెప్పనా? నన్ను ఈ ఊరికి మూడేండ్లుగా తిప్పిందేమంటే, ఈడ నాకు రావాల్సిందొకటి ఉండాదని. నువ్వే ఎప్పుడో ఒకప్పుడు చెప్తావని చూస్తాంటి. ఈ పొద్దు చెప్పినావు. ఇప్పుడు ఈ బంతి లోపలికి పోయిందంటే నీకూ నాకూ సరి. ఇంక యాడ కూచోవాలో నా ఇష్టం."

"పోకపోతే?"

"పోకపోతే బాకీ అట్లే ఉంటాది. ఇయ్యాల్సినోణ్ణి వదిలిపెట్టి నేను యాడికి పోతా?" అని నవ్వి, ఆయన వెనక్కి అడుగులు వేశాడు.

ఒక్కసారిగా అందరూ అరవడం మొదలుపెట్టారు. "అన్నా, ఆపన్నా!" ఇందాక ఆయన్ను పంపించాలని చేతులెత్తిన పదిహేనుమందీ ముందు వరసలో ఉన్నారు. యల్లప్ప తన రెండు రంగుల చేతులతో తల పట్టుకుని, "తలతో అన్నా! ఈసారన్నా నిజంగా తలతో!" అని గొంతు చించుకుంటున్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. బంతి ఆగాలంటే బాకీ ఎగ్గొట్టమని అడిగినట్టు అవుతుంది. లోపలికి పోవాలంటే మనిషిని పంపమని అడిగినట్టు అవుతుంది. ఏమీ అడగకుండానే కళ్ళు తెరిచాను. నేను ఏమీ అడగకుండా దండం పెట్టింది అదే మొదటిసారి.

సారు కొట్టాడు. యాభై దగ్గరపడిన కాలు. బంతి మరీ వేగంగా రాలేదు. నా కుడివైపు, భుజం ఎత్తున, ఆ రోజు వచ్చినట్టే వచ్చింది. కుడిచెయ్యి లేచింది. నాకు తెలుస్తూనే ఉంది అది లేవడం. నాకు తెలిసే లేచింది కాబట్టి నాకు తెలిసే ఆపాను. పిడికిలిలో గూడు వేళ్ళకు గరుకుగా తగిలింది. చెయ్యి కిందికి దిగింది. అప్పుడు ఎగిరాను. ధర్మవరం పన్నెండేళ్ళుగా చెప్పుకుంటున్న ఆ తల దెబ్బ కోసం ఉన్న బలమంతా పెట్టి ఎగిరాను.

బంతి నా చెవి పక్కనుంచి గాలి కొట్టి లోపలికి పోయింది.

నేను మోకాళ్ళ మీద పడ్డాను. పిడికిళ్ళు తెరిచి చూసుకున్నాను. రెండు గూళ్ళూ పెట్టినట్టే ఉన్నాయి, ఒక్క నొక్కు కూడా లేదు.

గోలు అయినందుకు సంతోషించాలో, ఏడవాలో ఎవరికీ తెలియలేదు. ముందుగా మా అమ్మే చప్పట్లు కొట్టింది. తర్వాత యశోద. తర్వాత యల్లప్ప, కళ్ళు తుడుచుకుని ముఖమంతా వంకాయ రంగు చేసుకుంటూ. చివరికి మైదానమంతా మోగిపోయింది. ఏసురత్నం సారు వచ్చి నన్ను లేపాడు.

"సరిపాయ జయరామప్పా. ఇంక మనకు లెక్కలు లేవు," అన్నాడు.

"సరిపోయింది సార్," అన్నాను. "మరి మీరు... ఉంటారా, పోతారా?"

అందరూ దగ్గరికి జరిగారు. ఆయన జేబులోని ఉత్తరం మీద చెయ్యి వేసి, నన్ను, నాగరాజును, తర్వాత మైదానమంతా ఒకసారి చూశాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

మా అమ్మ ఎప్పుడు గుంపును తోసుకుని ముందుకు వచ్చిందో, కొంగు ముడిలో ఆ పొట్లం ఎప్పుడు కట్టుకుందో ఎవరూ చూడలేదు. ఆ నోట్లో దోసెడు చక్కెర పోసేసింది. పెనుకొండలో మావాడే అనుకుని పోసింది. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని, ముఖం దగ్గరగా చూసి, ఏసురత్నమని తెలిసే పోసింది.